అమెరికా హైస్కూల్ ఎక్స్‌చేంజ్: దరఖాస్తు నుంచి దిగిన మొదటి వారం దాకా

పదో తరగతి అయ్యాక ఒక ఏడాది అమెరికాలో, హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో ఉండి అక్కడి హైస్కూల్లో చదవడం ఎలా అని అడిగేవాళ్లు చాలామందే. అడిగినవాళ్లలో ఎక్కువమంది వీసా దగ్గర మొదలుపెడతారు. నిజానికి వీసా ఆఖరి మెట్లలో ఒకటి, అంత కష్టమైనదీ కాదు. దెబ్బతినేది మన ఊళ్లోని కాగితాల దగ్గర: తిరిగొచ్చాక ఎక్కడ చేరాలి, పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉంది, టీకాల కార్డులో ఏం రాసి ఉంది. అందుకే వాటికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం.

ఇదంతా జే-1 వీసా మీద జరిగే ఎక్స్‌చేంజ్ గురించి. ఎఫ్-1 మీద ప్రైవేటు స్కూల్లో ఫీజు కట్టి చదవడం వేరే వ్యవహారం.

ముందు అర్హత

ప్రోగ్రామ్ మొదలయ్యే రోజుకు మీకు 15 ఏళ్లు నిండి ఉండాలి, 18 ఏళ్ల 6 నెలలు దాటకూడదు. ఎల్‌కేజీ, యూకేజీ వదిలేసి ఒకటో తరగతి నుంచి లెక్కేస్తే 11 ఏళ్లకు మించి చదువు పూర్తయి ఉండకూడదు. అంటే పది అయినవాళ్లు వెళ్లొచ్చు, ఇంటర్ ఫస్టియర్ అయినవాళ్లూ వెళ్లొచ్చు, సెకండియర్ పూర్తయితే తలుపు మూసుకున్నట్టే. గతంలో ఎఫ్-1 మీదో జే-1 మీదో అమెరికా స్కూల్లో చదివి ఉన్నా కుదరదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌పోర్ట్ (మూడో మెట్టు చదివాకే అప్లై చేయండి)
- గత మూడేళ్ల మార్కులు, స్కూల్ లెటర్‌హెడ్ మీద, ఇంగ్లిష్‌లో, ప్రిన్సిపాల్ సంతకం, ముద్రతో
- ఇంగ్లిష్ టీచర్ రాసిన సిఫారసు లేఖ
- పుట్టినప్పటి నుంచి టీకాల కార్డు
- డాక్టర్ నింపిన ఆరోగ్య ఫారం
- అమ్మానాన్నల సంతకాలతో సమ్మతి పత్రాలు
- ఇంటిలో, బడిలో, స్నేహితులతో తీసుకున్న మామూలు ఫొటోలు 10-15 (స్టూడియో ఫొటోలు వద్దు)

అమెరికా స్కూళ్లు ఎక్కువగా ఆగస్టులో తెరుస్తారు. కాబట్టి మీరు పదో తరగతిలో ఉండగానే, అంతకు ముందు సెప్టెంబర్-డిసెంబర్ మధ్యలో దరఖాస్తు పని మొదలవ్వాలి. పబ్లిక్ పరీక్షలు అయ్యాక చూద్దాం అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే.

1. తిరిగొచ్చాక ఎక్కడ చేరతారో తేల్చుకోండి

అన్నిటికంటే సాఫీగా నడిచే దారి ఇది: మార్చిలో పది పరీక్షలు, ఆగస్టులో ప్రయాణం, మరుసటి ఏడాది జూన్‌కి వెనక్కి, అప్పుడు ఇంటర్ ఫస్టియర్‌లో చేరడం. మధ్యలో ఏడాదిని గ్యాప్ ఇయర్‌గానే చూపిస్తారు. చేరే కాలేజీ అడిగితే స్టాంప్ పేపర్ మీద గ్యాప్ అఫిడవిట్ ఇవ్వాలి.

"అక్కడ చదివిన ఏడాదిని ఇక్కడ ఫస్టియర్‌గా లెక్కేయిస్తాం, నేరుగా సెకండియర్‌లో కూర్చోవచ్చు" అని ఎవరైనా అంటే బోర్డు నుంచి రాతపూర్వకంగా చూపించమనండి. సీబీఎస్‌ఈలో కూడా 11, 12 కలిపి రెండేళ్ల కోర్సు. నోటిమాట మీద వెళ్లి, వచ్చాక బోర్డు ఆఫీసు మెట్లెక్కడం ఎవరికీ సరదా కాదు. ఫస్టియర్ రాసి వెళ్లి సెకండియర్‌కి తిరిగి రావడం రెండో దారి. కానీ ఏడాదిపాటు మ్యాథ్స్, ఫిజిక్స్ ఫస్టియర్ పాఠాల మొహం చూడకుండా సెకండియర్‌లో దిగడం కష్టం.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. దీన్ని ఏజెంట్లు చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. ఇంజినీరింగ్, మెడిసిన్ కన్వీనర్ సీట్లలో స్థానికతను అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్ల చదువును బట్టి చూస్తారు. మామూలుగా అయితే ఆ నాలుగేళ్లు 9, 10, ఇంటర్ రెండేళ్లు. మీరు పది తర్వాత ఏడాది అమెరికాలో చదివితే ఆ ఏడాది సరిగ్గా నాలుగేళ్ల కిటికీలో పడుతుంది. కాబట్టి అడ్వాన్సు కట్టకముందే, మీ రాష్ట్రం తాజా ప్రాస్పెక్టస్‌లో స్థానికత భాగం అక్షరం అక్షరం చదవండి. అర్థం కాకపోతే అడ్మిషన్ల అధికారులకు మీ పరిస్థితి వివరించి లిఖితపూర్వకంగా అడగండి. ఎన్‌ఐటీల హోమ్ స్టేట్ కోటాకు ఈ గొడవ లేదు, అక్కడ 12వ తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే చూస్తారు. నీట్ రాసి రాష్ట్ర కోటాలో ఎంబీబీఎస్ సీటే లక్ష్యమైతే, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికేదాకా మిగతా మెట్లు ఎక్కకండి.

2. ఏ దారిలో వెళ్తారు

మూడు దారులున్నాయి.

అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థకు ఫీజు కట్టి వెళ్లడం ఒకటి. భారత్‌లో ఏఎఫ్‌ఎస్ లాంటి సంస్థలు పిల్లల్ని ఎంపిక చేసి పంపుతాయి.

ఆ శాఖే ఖర్చు భరించే కెనెడీ-లూగర్ యెస్ స్కాలర్‌షిప్ రెండోది. పోటీ గట్టిగా ఉంటుంది. ఈ ఏడాది మన దేశం నుంచి దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు చూసుకోండి. ఇలా ప్రభుత్వ సొమ్ముతో వెళ్లినవాళ్లకు, కొన్ని రకాల అమెరికా వీసాలకు ముందు రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న షరతు వర్తించవచ్చు. డీఎస్-2019 (వీసా కోసం స్పాన్సర్ ఇచ్చే అర్హత పత్రం) మీదా, వీసా మీదా ఆ మాట ఉందేమో చదవండి.

మూడోది రోటరీ యూత్ ఎక్స్‌చేంజ్.  దగ్గరి రోటరీ క్లబ్‌ను అడిగితే వివరాలు చెబుతారు. టికెట్టు, బీమా, వీసా ఖర్చు మీదే, ఉండటానికి ఇల్లు వాళ్లు చూస్తారు. అయితే ఇది ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. సాధారణంగా మీ ఇంట్లోనూ ఒక విదేశీ పిల్లో పిల్లాడో ఉండాల్సి వస్తుంది. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో నానమ్మ, తాతయ్యలతో కలిసి ఉండేవాళ్లు ఈ మాట ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

మోసం పసిగట్టడం ఎలా? జే-1 స్పాన్సర్ల జాబితా విదేశాంగ శాఖ జే-1 వెబ్‌సైట్‌లో ఉంటుంది. అక్కడ "సెకండరీ స్కూల్ స్టూడెంట్" విభాగంలో ఆ పేరు కనిపించాలి. సీఎస్‌ఐఈటీ అనే ప్రమాణాల మండలి జాబితానూ చూడొచ్చు. "హోస్ట్ ఫ్యామిలీకి నెలకింత అద్దె" అని ఏజెంట్ అడిగితే ఆగండి: జే-1 హైస్కూల్ ప్రోగ్రామ్‌లో ఆ కుటుంబాలు డబ్బు తీసుకోవు. "న్యూజెర్సీలోనే మా అన్నయ్య ఇంటి పక్కన పెట్టిస్తాం" అన్నా నమ్మకండి. సాధారణంగా రాష్ట్రం, ఊరు మీ చేతిలో ఉండవు. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య, 3,000 జనాభా ఉన్న ఊరు రావడానికే అవకాశం ఎక్కువ.

3. పాస్‌పోర్ట్: పేరు, గడువు

మైనర్ పాస్‌పోర్ట్ ఐదేళ్లకో, 18 నిండే రోజుకో, ఏది ముందైతే దానికి ముగుస్తుంది. 17 నిండాక వెళ్లే పిల్లలకు జనవరిలోనో ఫిబ్రవరిలోనో 18 నిండి, అమెరికాలో ఉండగానే పాస్‌పోర్ట్ చెల్లకుండా పోతుంది. 15 నిండినవాళ్లు పదేళ్ల పాస్‌పోర్ట్ కోరుకోవచ్చు, 36 పేజీలకు ఫీజు 1,500 రూపాయలు. దరఖాస్తులో ఆ గడినే ఎంచుకోండి. పాతది ఉన్నా తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో ఆరు నెలలు గడువు లేకపోతే రీఇష్యూ చేయించండి.

ఇక పేరు. మనవాళ్ల పాస్‌పోర్ట్‌లలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు రెండో గడిలో కుక్కేయడం మామూలే. అమెరికా వీసాలో అప్పుడు మొదటి పేరు స్థానంలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. స్కూల్ రిజిస్టర్‌లో, బీమా కార్డు మీద అదే ఎక్కుతుంది. దరఖాస్తుకు ముందే ఇంటిపేరు విడిగా వచ్చేలా పాస్‌పోర్ట్ మార్పించుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో "కె." అని పొడి అక్షరం ఉంటే ముందు ఆధార్ సరిచేయండి.

సరిచూసుకునే పద్ధతి: పాస్‌పోర్ట్, మెమో, స్కూల్ ఇచ్చిన మార్కుల పత్రం, టీకాల పత్రం టేబుల్ మీద పక్కపక్కన పరచండి. పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చండి. ఈ పని అమ్మో నాన్నో కాక, ఇంకెవరితోనైనా చేయిస్తే తప్పులు దొరుకుతాయి. మన కళ్లకు మన పేరు ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది.

4. ఇంగ్లిష్ పరీక్ష

ఎక్కువమంది స్పాన్సర్లు ఎల్టిస్ అనే పరీక్ష పెడతారు. వినడం, చదవడం రెండే భాగాలు. గ్రామర్ పుస్తకాలు బట్టీ పట్టే పని లేదు. తడబడేది వినడంలోనే. సైన్స్, సోషల్ పాఠాలు చెప్పే అమెరికన్ టీచర్ల వీడియోలు రోజూ అరగంట, సబ్‌టైటిల్స్ తీసేసి వినండి. ఒక వీడియో అయ్యాక విన్నది ఐదు వాక్యాల్లో రాయగలిగితే దారిలో పడ్డట్టే.

5. హోస్ట్ ఫ్యామిలీకి ఉత్తరం

మిమ్మల్ని ఇంట్లో పెట్టుకోవాలో వద్దో ఆ కుటుంబం ఈ ఉత్తరం, ఫొటోలు చూసే నిర్ణయించుకుంటుంది. మీ ర్యాంకులు వాళ్లకు అక్కర్లేదు. "ఐఐటీ ఫౌండేషన్‌లో టాపర్‌ని" అనే వాక్యం కంటే "ఆదివారం దోసెలు నేనే పోస్తాను, మొదటిది ఎప్పుడూ పెనానికి అంటుకుంటుంది" అన్న వాక్యానికి ఇల్లు దొరుకుతుంది. నాన్నగారో కన్సల్టెంటో రాసిపెట్టిన ఉత్తరం మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. స్పెల్లింగ్ తప్పు ఒకటో రెండో ఉన్నా పరవాలేదు, మీరే రాయండి.

తిండి గురించి "శాకాహారిని" అని ఒక్క ముక్కతో ఆపకండి. గుడ్డు తింటారా? కేకులో గుడ్డుంటే? చికెన్ సూప్‌లో ఉడికిన అన్నం? జెలటిన్ వేసిన మిఠాయి? శనివారం ఒక్కరోజే మాంసం మానేస్తారా? ఒక్కోదానికి అవును, కాదు అని రాయండి. పూర్తి శాకాహారులకు కుటుంబం దొరకడం కాస్త ఆలస్యమవుతుంది, కానీ దొరుకుతుంది. అబద్ధం చెప్పి వెళ్లి, మొదటి వారం బీఫ్ బర్గర్ ముందు కూర్చోవడం ఇద్దరికీ ఇబ్బందే. కుక్కలంటే భయమైతే అదీ రాయండి. అక్కడ చాలా ఇళ్లలో కుక్క ఇంటి లోపలే, సోఫా మీదే ఉంటుంది.

ఇంట్లో మీరు చేసే పనులు కూడా రాయాలి. ఏ పనీ చేయకపోతే ఈ నెల నుంచే మొదలుపెట్టండి: మీ పక్క సర్దుకోవడం, బాత్రూమ్ కడగడం, వాషింగ్ మెషీన్ వేయడం, నాలుగు రకాల వంట. అక్కడ పనిమనిషి ఉండరు.

6. టీకాలు (ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు)

ఏ టీకాలు కావాలన్నది ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటుంది. సాధారణంగా అడిగేవి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) 2 డోసులు, ఆటలమ్మ (వారిసెల్లా) 2, హెపటైటిస్ బి 3, పోలియో, టీడ్యాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు), చాలాచోట్ల మెనింగోకాకల్ (మెదడు పొరల వాపు టీకా). మన కార్డుల్లో కనిపించే లోపాలు ఇవి:

- కార్డులో "ఎంఆర్" అని ఉంటే అది ఎంఎంఆర్ కాదు. 2017లో బళ్లలో వేసింది ఎంఆర్. అందులో గవదబిళ్లల టీకా లేదు.
- "టీడీ", "టీటీ" ఉంటే అవి టీడ్యాప్ కాదు. కోరింత దగ్గు భాగం వాటిలో లేదు.
- చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందని టీకా వేయించని పిల్లలు చాలామంది. వచ్చినట్టు డాక్టర్ ధ్రువీకరణో, రక్తపరీక్షో చూపించాలి. రెండూ లేకపోతే టీకా వేయించడమే సులువు.
- తేదీలు. 05/08/2011 అంటే మనకు ఆగస్టు 5, వాళ్లకు మే 8. డోసుల మధ్య గడువు చాలలేదని వెనక్కి కొడతారు. నెలను అంకెతో కాకుండా పేరుతో రాయించండి.

లెక్క ఇలా వేసుకోండి. హెపటైటిస్ బి మొదటి నుంచి వేయాల్సి వస్తే 0, 1, 6 నెలలు, అంటే జనవరికల్లా మొదలుపెట్టాలి. ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ ఒకే రోజు వేయించుకోవచ్చు. వేర్వేరు రోజులైతే మధ్యలో కనీసం 28 రోజులు ఉండాలి. రెండో డోసుకూ కనీసం 28 రోజులే.

టీబీ పరీక్ష అడిగితే ఎంఎంఆర్ వేసిన రోజే చేయించండి, లేదా నాలుగు వారాలు ఆగండి. మధ్యలో చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు. మనకు పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి చేతి మీద చేసే మాంటూ పరీక్షలో వాపు వచ్చే అవకాశం ఉంది. అలా వస్తే ఎక్స్‌రే, ఇంకా పరీక్షలు. దానికంటే మొదటే ఇగ్రా రక్తపరీక్షకు ఒప్పుకుంటారేమో స్పాన్సర్‌ను అడగండి, బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు.

పనిలో పనిగా పంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. స్పాన్సర్ ఇచ్చే బీమా ఒక్కో జబ్బుకు, ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్లు ఇవ్వాలని నియమం. కానీ పళ్లు, కళ్లద్దాలు చాలా పాలసీల్లో ఉండవు. పుచ్చుపన్ను ఇక్కడే నింపించుకోండి, అద్దాలు రెండు జతలు చేయించుకోండి.

7. వీసా

స్కూల్, కుటుంబం ఖాయమయ్యే లోపో ఆ తర్వాతో స్పాన్సర్ డీఎస్-2019 పంపుతారు. అందులో పేరు పాస్‌పోర్ట్‌లాగే ఉందో లేదో చూసి, తప్పుంటే అప్పుడే మార్పించండి. తర్వాత వరస: సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు (జే-1కు 220 డాలర్లు, స్పాన్సరే కడతారో, మీరే కట్టాలో అడగండి), డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం, వీసా ఫీజు 185 డాలర్లు, వేలిముద్రలు, ఇంటర్వ్యూ. మనవాళ్లకు దగ్గర హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్. ఫీజులు మారుతుంటాయి, కట్టే రోజు మళ్లీ చూసుకోండి.

డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి జే వీసా వాళ్లు ఆ ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలని అడుగుతున్నారు. వాడకుండా వదిలేసిన ఇన్‌స్టా ఖాతా కూడా లెక్కలోకే వస్తుంది.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలు. ఎందుకు వెళ్తున్నావు, ఎవరింట్లో ఉంటావు, వచ్చాక ఏం చేస్తావు అని అడుగుతారు. "అక్కడే మంచి కాలేజీలో చేరతాను" అన్నారంటే వీసా పోయినట్టే, ఎందుకంటే ఇది తిరిగొచ్చేవాళ్ల వీసా. మొదటి మెట్టు సరిగ్గా ఎక్కి ఉంటే "జూన్‌లో వచ్చి ఇంటర్ ఎంపీసీలో చేరతాను" అని తడుముకోకుండా చెప్పగలరు. బట్టీ పట్టిన జవాబు వద్దు.

పాస్‌పోర్ట్ చేతికొచ్చాక స్టిక్కర్ మీద పేరు, పాస్‌పోర్ట్ నంబర్, జే-1 అన్న అక్షరాలు చూసుకోండి. ఆగస్టు 31లోపు కుటుంబం, స్కూల్ ఖాయం కావాలి. హోస్ట్ ఫ్యామిలీ వివరాలు రాతపూర్వకంగా రాకుండా విమానం ఎక్కకండి. ఆ ఇంట్లో 18 దాటిన ప్రతి ఒక్కరి నేర చరిత్రా తనిఖీ చేయాలన్నది నియమం. చేశారా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

8. సామాను

డీఎస్-2019, పాస్‌పోర్ట్, కుటుంబం చిరునామా, టీకాల పత్రం, మందుల చీటీ చేతి సంచిలో ఉండాలి. చెక్-ఇన్ పెట్టెలో పెడితే ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అవి మీ దగ్గర ఉండవు. ఒరిజినల్ మెమో, టీసీ ఇంట్లోనే వదలండి. ఇంటర్‌లో చేరేటప్పుడు అవే కావాలి.

కోడి, మటన్ పచ్చళ్లు వద్దు. మాంసం ఉన్నవి తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు కూడా నిషేధమే. ఆవకాయ, కందిపొడి సీల్ వేసినవి తీసుకెళ్లొచ్చు, కానీ కస్టమ్స్ దగ్గర "తిండి ఉంది" అని చెప్పాలి. చెప్పి చూపిస్తే మహా అయితే తీసుకుంటారు, దాచి దొరికితే జరిమానా.

అక్కడ కరెంటు 120 వోల్టులు, పిన్నులు చదునుగా ఉంటాయి. చార్జర్ మీద "100-240" అని ఉంటే అడాప్టర్ చాలు. 230 మాత్రమే రాసి ఉన్న హెయిర్ డ్రయర్, ఇండక్షన్ స్టవ్ తీసుకెళ్లకండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే.

9. దిగిన మొదటి వారం

అమెరికాలోకి మీ ప్రవేశం నమోదయ్యే ఐ-94 వెబ్‌సైట్‌లో మీ రికార్డు తెరవండి. క్లాస్ జే-1 అని ఉందా, పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా? బీ-2 (టూరిస్టు) అని పడి ఉంటే వెంటనే స్పాన్సర్‌కు చెప్పండి. మొదట్లో సరిచేయడం సులువు.

స్థానిక కోఆర్డినేటర్ మీ ఇంటికి 120 మైళ్ల లోపు ఉండాలి, నెలకోసారైనా మీతో మాట్లాడాలి. ఇల్లు కుదరకపోతే ముందు వాళ్లకే చెప్పండి. కుటుంబం మారడం అక్కడ మామూలు విషయమే, మీ పరువు పోయినట్టు కాదు. కోఆర్డినేటర్ పట్టించుకోకపోతే విదేశాంగ శాఖ విద్యార్థుల హెల్ప్‌లైన్ 1-866-283-9090 ఉంది. స్పాన్సర్‌కు చెప్పకుండా బంధువుల ఇంటికి మారిపోవడం మాత్రం ప్రోగ్రామ్ ఆగిపోవడానికి సూటి దారి. ఉద్యోగం చేయకూడదు. అప్పుడప్పుడూ పిల్లల్ని చూసుకోవడం, పచ్చిక కోయడం లాంటివి పరవాలేదు.

స్కూల్ కౌన్సెలర్ దగ్గర సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు మ్యాథ్స్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి, ఇంటర్‌కి వచ్చేసరికి చేయి ఆడుతూ ఉంటుంది. డిప్లొమా ఇస్తామని స్కూల్ హామీ ఇవ్వదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. మే నెల దాటకముందే ఆఫీసుకు వెళ్లి సీల్ వేసిన ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) కాపీలు మూడు అడగండి. వేసవి సెలవుల్లో ఆఫీసు మూసేశాక వాటిని హైదరాబాద్ నుంచి తెప్పించుకోవడం చాలా కష్టం.